సుంకన్న స్వామి చేతిలో కత్తి ఎందుకు లేదు

తుంగభద్ర ఒడ్డున సాక్షిరేవులో వెలసిన సుంకన్న స్వామి గుడికి కప్పు లేదు. నాలుగు రాతి స్తంభాల నడుమ నిలువెత్తు శిలావిగ్రహం ఒక్కటే ఉంటుంది. కుడిచేతి దగ్గర రాయిని ఉలితో చెక్కేసిన గరుకు మచ్చను భక్తులు ఇప్పటికీ చూడవచ్చు.

పూర్వం ఇక్కడ సుంకన్న అనే బెస్తవాడు పుట్టి నడుపుతూ జనాన్ని ఏరు దాటించేవాడు. ఒకనాడు అవతలి గట్టున ఒక వర్తకుడు హత్యకు గురయ్యాడు. చంపినవాడు ఈ సీమ పాళెగాడి తమ్ముడు. నేరం మాత్రం బీరప్ప అనే గొర్రెల కాపరి మీద మోపి, అతనికి ఉరి ఖాయం చేశారు. హత్య జరిగినప్పుడు నడి ఏట్లో పుట్టి మీద ఉన్న సుంకన్న అంతా చూశాడు.

అతను సాక్ష్యం చెప్పడానికి, పాళెగాడు తీర్పులిచ్చే రచ్చకు బయలుదేరుతుంటే భార్య నాగులమ్మ అడ్డం నిలిచింది. "నీకొక్కడికేనా కళ్లుండేది? ఊరంతా మూసుకోలేదా?" అంది.

"నాకూ భయంగానే ఉందే. చూస్తిని కదా, ఏం చేసేది?" అన్నాడు సుంకన్న.

రచ్చలో పాళెగాడు ఎగతాళి చేశాడు. "ఏరా సుంకా, నీళ్లు చూసి బతికేవాడివి. గట్టు మీది సంగతి నీకెందుకురా?"

"గట్టు చూడకుంటే పుట్టి ఒడ్డుకెట్ల చేరుతుంది దొరా?"

జనం నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే సుంకన్న చంపినవాడి పేరు చెప్పాడు. అంతమంది విన్నాక పాళెగాడు బీరప్పను విడిచిపెట్టక తప్పలేదు. కొద్ది రోజులకే సుంకన్న శవం రేవుకు కొట్టుకొచ్చింది.

ఊరివారు అతణ్ని వీరుడన్నారు. కత్తి పట్టిన విగ్రహం చెక్కించి, పొట్టేలును బలికి సిద్ధం చేశారు. తామూ అలాగే చస్తామని కుర్రవాళ్లు ప్రతిన పట్టారు. అప్పుడు సుంకన్న నాగులమ్మకు కలలో కనిపించి, "నేను చావడానికి పోలేదు, చెప్పడానికి పోయినాను. చావు వాళ్లు తెచ్చింది" అన్నాడని ప్రతీతి. ఆమె పొద్దున్నే శిల్పి దగ్గరకు వెళ్లింది. "మా ఆయన పుట్టి బుద్ధెరిగి చేపలు కోసే కత్తి తప్ప ఇంకోటి పట్టలేదు. తీసెయ్ నాయనా" అంది. శిల్పి కత్తిని చెక్కేశాడు. పొట్టేలును బీరప్ప మందలోకి తోలారు.

నేటికీ ఇక్కడ జంతుబలి లేదు. అమరుడంటే ప్రాణం ఇచ్చినవాడని లోకం అంటుంది. ఈ రేవులో మాత్రం సాక్ష్యం చెప్పినవాణ్ని అమరుడంటారు. కార్తీక సోమవారాల్లో భక్తులు మోకాలి లోతు నీళ్లలో నిలబడితే, సుంకన్న వంశపు పూజారి "చూశావా?" అని అడుగుతాడు. చూసి దాచిన సంగతిని నలుగురూ వినేలా చెప్పడమే ఇక్కడి మొక్కు. మొక్కు తీర్చినవారికి భయం పోతుందని పెద్దలు అనరు. భయం ఉన్నా గొంతు పెగులుతుందని అంటారు.