చేదు వాటా

మూత అంచుల్లోంచి పొగ పోతూనే ఉంది. నాగుల్ మీరా ఒక పక్క అదిమితే మూత ఇంకో పక్క లేస్తోంది.

అది పాత ఇనప సామాన్ల కొట్లో చవగ్గా కొన్న పీపా. అడుగున గాలికి ఒక కంత. పైన మూతకు పొగ పోవడానికి ఒక గొట్టం. మధ్యలో మాంసం వేలాడదీయడానికి ఇనప చువ్వలు. అడుగున బొగ్గులు రాజేసి, వాటి మీద మామిడి చెక్క పేళ్లు వేస్తే, ఆ వేడికీ పొగకూ మాంసం మెల్లగా ఎండాలి.

ఎండి తీరాలి. ఆ మాంసం వాళ్లది కాదు.

పల్నాటి కొండ కింద సైదా షా అనే ఫకీరు గారి తకియా ఉంది. చిన్న మసీదు, రెండు పాకలు, ఒక రేకుల పంచ, అంతే. బక్రీద్ నాడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఖుర్బానీ మాంసంలో పేదల వాటా తెచ్చి ఆయనకు అప్పజెప్పి పోతారు. వాగు అవతల రాతి క్వారీలో పనిచేసేవాళ్ల గుడిసెలున్నాయి. ఆ వాటా వాళ్లకు చేరుతుంది.

ఈ ఏడు పండగకు ముందే వాగు పొంగింది. వాన తెరిపి ఇవ్వడం లేదు. వానకు క్వారీ ఆగితే కూలి ఆగుతుంది, కూలి ఆగితే పొయ్యి ఆగుతుంది. వాళ్లు అవతల ఎదురుచూస్తున్నారు, వాటా ఇవతల ఉంది. వాగు తగ్గేదాకా మాంసం చెడకుండా నిలవాలి. పేలికలుగా కోసి ఉప్పూ పసుపూ పట్టించారు గాని, ఆ ముసురులో ఉప్పొక్కటే ఎంతకాలం కాస్తుంది? ఈగలు అప్పుడే ముసురుతున్నాయి.

ఎండ లేని ఏడు పీపా పని చూసేది మౌలాలి. తకియాలో అందరికంటే పాత శిష్యుడు అతను. ఈసారి అతనికి దగ్గు పట్టుకుంది. పొగ దగ్గరికి పోవద్దని గురువుగారు ఆపేశారు.

"నేను చూస్తాను హజరత్. నిప్పు నాకు కొత్త కాదు," అన్నాడు నాగుల్ మీరా.

అబద్ధం కాదు. వాళ్లది పెళ్లిళ్లకు వండే ఇల్లు. బిర్యానీ హండీ మూతకు అతను పిండి అద్ది మూశాడంటే ఆవిరి పోగు కూడా బయటికి వచ్చేది కాదు. మూత తీసినప్పుడు పందిరి ఆ చివర ఉన్నవాళ్లు కూడా తలతిప్పి చూసేవాళ్లు. ఆ వృత్తి వదిలి సైదా షా దగ్గరికి వచ్చాడు. వృత్తి వదిలింది గాని, దాని గర్వం వదల్లేదు. అతని నియమాలు కూడా హండీ మూతలాగే ఉండేవి. తక్కువ తిండి, తక్కువ నిద్ర, తక్కువ మాట. ఎదుటివాడి నియమం తప్పితే మాత్రం మాట తక్కువ అయ్యేది కాదు.

ఇప్పుడు మూత సందుల్లోంచి పోయే పొగ అతనికి పరాయి సొమ్ము పోతున్నట్టే కనిపించింది. పిండి తడిపి మూత చుట్టూ అద్దాడు. అంచులు మూసుకున్నాయి. పొగ గొట్టంలోంచి పోవడం మొదలుపెట్టింది. ఒక తడిగుడ్డ ఉండచుట్టి గొట్టంలో కుక్కాడు.

మౌలాలి దూరంగా ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. "ఏం మాస్టరూ, నిన్న జిక్ర్ జపం అయ్యాక నన్ను నోరు మూసుకోమన్నావు. ఇవాళ పీపా నోరు కూడా మూసేశావా?"

"పొగంతా పోతోంది భాయ్. అది కూడా వాళ్లదే."

"ఓహో, పొగలో కూడా పేదల వాటా ఉందన్నమాట!" మౌలాలి నవ్వబోయి దగ్గాడు.

నాగుల్ మీరా నవ్వలేదు. కాసేపు కూర్చున్నాడు. లేచాడు. పీపా చుట్టూ తిరిగాడు. పిండి ఊడబెరికి మూత ఎత్తి చూశాడు. లోపల ఆవిరి, కళ్లు మండే తెల్లటి పొగ. బొగ్గులు మసకబారి ఉన్నాయి. మళ్లీ మూసి, మళ్లీ పిండి అద్దాడు. అద్దిన చేత్తోనే మళ్లీ ఊడదీశాడు.

నిప్పు ఆరిపోతుందేమోనన్న భయం పట్టుకుంది. గొట్టంలో గుడ్డ పీకేశాడు. కంత బార్లా తెరిచి, ఉన్న బొగ్గులన్నీ లోపలికి గుమ్మరించి విసనకర్రతో విసిరాడు. మంట భగ్గున లేచింది. కొవ్వు కారి నిప్పులో పడింది. కింది వరస పేలికలు చిటపటమన్నాయి. మాడిపోతున్నాయని మళ్లీ గుడ్డ కుక్కాడు. మూసీ తెరిచీ, తెరిచీ మూసీ, ఏ ఒక్క పనినీ చివరిదాకా సాగనివ్వలేదు. నోటికి తాళం వేసుకున్నవాడు చేతులకు వేసుకోలేకపోయాడు.

"ఆ పీపాను ఒక్క క్షణం ఊపిరి పీల్చుకోనివ్వవయ్యా," అన్నాడు మౌలాలి. ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు.

పొద్దెక్కేసరికి మూత తీశారు. పేలికలు నల్లగా, జిగురుగా, తడితడిగా ఉన్నాయి. నాగుల్ మీరా ఒకటి కొరికాడు. మసి చేదు. నీళ్లు తాగినా నాలుక్కి అంటుకునే ఉంది. కుళ్లిన మాంసం కాదు, తింటే జబ్బు చెయ్యదు. కాని నోట్లో పెట్టుకున్నవాడు రెండో ముక్క అడగడు.

సైదా షా జపమాల తిప్పుకుంటూ పంచలోకి వచ్చారు. చువ్వల వైపు చూశారు. ఏమీ అనలేదు.

అనకపోవడం నాగుల్ మీరాకు భరించరానిదైంది. "కడిగి, కారం దట్టంగా పట్టిస్తే తెలియదు హజరత్," అన్నాడు గబగబా. "పైగా ఆకలి మీద ఉన్నవాళ్లు. రుచి ఎంచరు."

గురువుగారు ఒక నల్ల పేలిక తీసుకుని నోట్లో వేసుకున్నారు. మెల్లగా, పూర్తిగా నమిలి మింగారు.

"రుచి ఎంచకూడదని దీక్ష పట్టింది మనం," అన్నారు. "వాళ్లు కాదు."

లోపలికి వెళ్లి ఒక పెద్ద గిన్నె రెండు చేతులా మోసుకొచ్చారు. అది తకియా వాటా. శిష్యుల కోసం ఊళ్లవాళ్లు వేరుగా ఇచ్చిన మంచి మాంసం. ఆ పూట నాగుల్ మీరా చేత బిర్యానీ చేయించుకోవాలని మౌలాలి రంజాన్ నుంచీ కలలు కంటున్నాడు.

గిన్నె నాగుల్ మీరా ముందు పెట్టారు. "ఇది వాళ్లది." చువ్వల మీది నల్ల పేలికలు చూపించారు. "అది మనది."

"హజరత్, బిర్యానీ..." అని మొదలుపెట్టిన మౌలాలి గురువుగారి ముఖం చూసి ఆగాడు. "వేడి చేస్తుందిలెండి. నా దగ్గుకు అసలు మంచిది కాదు."

నాగుల్ మీరా గిన్నెలోకి చూశాడు. దీని తర్వాత తకియాలో ఇంకో మంచి మాంసం ముక్క లేదు.

"ఇది కూడా పాడైతే?"

"వాళ్లకు ఉండదు."

"మీరు చెయ్యండి హజరత్. నా వల్ల కాదు."

"మాంసం కొయ్యి," అన్నారు సైదా షా.

అతను పేలికలు కోసి ఉప్పూ పసుపూ పట్టిస్తూ ఉంటే, గురువుగారు పీపా ముందు గొంతుక్కూర్చున్నారు. నిప్పంతా బయటికి లాగారు. అడుగున పేరుకున్న బూడిద కంతను సగానికి పైగా పూడ్చేసి ఉంది. దాన్ని గోకి తీసేశారు. రాజని బొగ్గులు పరిచి, వాటి మీద గుప్పెడు నిప్పులు మాత్రం పెట్టారు.

"ఇంతేనా?" అన్నాడు నాగుల్ మీరా. "అంటుకోవద్దా?"

"పక్కవాటిని అవే అంటిస్తాయి."

పేలికలు చువ్వలకు వేలాడదీశాక మూత పెట్టారు. పిండి తీసుకుని మూత చుట్టూ తన బొటనవేలితో అద్దడం మొదలుపెట్టారు. నాగుల్ మీరా తెల్లబోయి చూశాడు. అప్పటిదాకా తప్పు పిండిదే అనుకుంటున్నాడు అతను. గురువుగారు ఒక్క సందు కూడా వదలకుండా అద్దారు.

తర్వాత లేచి గొట్టంలో గుడ్డ పీకి అతని చేతికిచ్చారు. "చేతులు తుడుచుకో."

గొట్టంలోంచి పొగ బయటికి వచ్చింది.

"పొగ పోతోంది హజరత్!"

"పోనీ."

ఒక ఇటుకముక్క తెచ్చి అడుగు కంతకు అడ్డం పెట్టి, వేలు పట్టేంత సందు ఉంచారు. ఇటుక చూపించి అన్నారు: "ఇక్కడ అదుపు చెయ్యి." గొట్టం చూపించి అన్నారు: "అక్కడ వదిలెయ్యి."

వెళ్లి స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకున్నారు.

మొదట పొగ తెల్లగా, దట్టంగా వచ్చింది. తర్వాత పలచబడింది. ఇంకాసేపటికి నీలంగా మారి, కనిపించీ కనిపించనట్టు అయింది. నాగుల్ మీరా ముందుకు వంగాడు. నిప్పు ఆరిపోయిందా? విసనకర్ర అందుకున్నాడు. కింద పెట్టాడు. లేచి మూత దాకా వెళ్లాడు. వెనక్కి వచ్చాడు. రేకుల మీద వాన ఒక్కసారి పెద్దదైంది. ఆ చప్పుడులో లోపల కొవ్వు కాలుతున్నట్టు వినిపించింది. నిజమో, భ్రమో తెలియలేదు. చేతులు వాటంతట అవే మూత అంచు మీది పిండిని తడుముతున్నాయి.

"పీపాకు ఇంచుమించు ఆనేట్టు అరచెయ్యి పెట్టి చూడు," అన్నాడు మౌలాలి దూరం నుంచే. "చెయ్యి తీసెయ్యాలనిపించకూడదు. అట్లాగని హాయిగానూ ఉండకూడదు."

పెట్టి చూశాడు. అతను చెప్పినట్టే ఉంది. అయినా మనసు నిలవలేదు.

"ఒక్కసారి తెరిచి చూడనా హజరత్? లోపల ఎట్లా ఉందో?"

గురువుగారు కళ్లు తెరవలేదు. "ఎవరి కోసం చూస్తావు?"

మాంసం కోసం అనబోయాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీదే కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాటాక గాలి మళ్లింది. వాన జల్లును పంచలోకి కొడుతూ ఈదురుగాలి తిన్నగా కంతలోకి దూరింది. అరచెయ్యి పెడితే చురుక్కుమంది. నాగుల్ మీరా లేచాడు. గుడ్డ అక్కడే కింద పడి ఉంది. దాని వైపు చూశాడు. వంగి, సందు తగ్గేట్టు ఇటుకముక్కను కాస్త జరిపాడు, అంతే. పెరిగిన వేడి కాసేపటికి తగ్గింది. గొట్టంలోంచి పొగ తన దారిన తను పోతూనే ఉంది. అతను చూస్తూ కూర్చున్నాడు. చెయ్యడానికి ఇంకేమీ లేకపోవడం అతను ఎన్నడూ ఎరగని కష్టం. ఉపవాసం దీనికంటే తేలిక.

పొద్దు గుంకే వేళకు మౌలాలి వచ్చి పిండి ఊడదీసి మూత తీశాడు. పేలికలు ఇటుక రంగులో గట్టిపడి ఉన్నాయి. ఒకటి వంచితే పగిలి నారలుగా విచ్చుకుంది. మౌలాలి చిన్న పోగు తీసి నోట్లో వేసుకోబోయి, ఎవరిదో గుర్తొచ్చి మళ్లీ చువ్వ మీదే పెట్టేశాడు.

నాగుల్ మీరా గురువుగారి కోసం చూశాడు. ఆయన అప్పటికే నమాజుకు వెళ్లిపోయారు.

వాగు తగ్గడానికి ఆ వారమంతా పట్టింది. వారమంతా తకియాలో జొన్నరొట్టె, నల్లమాంసం. గురువుగారు రోజూ అందరితో పాటే తిన్నారు. నాగుల్ మీరా తన వంతు కంటే ఎక్కువ వేసుకోబోతే, చెయ్యి పట్టుకుని ఆపి సమంగా పంచమన్నారు.

నీళ్లు నడుముల్లోతుకు దిగిన రోజు క్వారీ గుడిసెల నుంచి కాసింబీ వచ్చింది. వయసులో పెద్దది. ఆ గుడిసెల్లో ఎవరికి ఎంత చెందాలో చెప్పే మనిషి. తడిచీర పిండుకుంటూ పంచలో కూలబడింది. మౌలాలి బుట్ట తెచ్చి ముందు పెట్టాడు. ఆమె ఒక పేలిక తుంచి నమిలింది. కళ్లు పెద్దవయ్యాయి.

"ఈ ఏడు భలే కుదిరింది బాబా! ఎవరి చెయ్యి ఇది?"

మౌలాలి నోరు తెరిచాడు. నాగుల్ మీరా తల అడ్డంగా ఊపాడు. మౌలాలి నోరు మూశాడు.

ఆమె పక్కకు చూసింది. నాగుల్ మీరా పళ్లెం ముందు కూర్చుని రొట్టెలో నల్ల ముక్క పెట్టుకుని తింటున్నాడు.

"అదేంది నాయనా, వేరే రకమా? పొగ వాసన గుప్పుమంటోంది. నాకూ ఒక ముక్క పెట్టు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు."

నాగుల్ మీరా పళ్లేనికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది మాదమ్మా." మిగిలిన రొట్టెలు, ఉల్లిపాయ ఆమె ముందుకు జరిపాడు. "నువ్వు రొట్టె తిను. బుట్టలోది వేసుకుని తిను."

కాసింబీ అతని చేతి వైపూ ముఖం వైపూ చూసింది. "అబ్బో! ఊళ్లవాళ్లు ఇచ్చింది బుట్టెడు మా ముందు పెట్టి, తన పళ్లెంలో ముక్కకు చెయ్యి అడ్డం పెడతాడే! ఇన్నాళ్లు ఈ తకియాలో ఉండి ఏం నేర్చుకున్నావయ్యా?"

నాగుల్ మీరా తల వంచుకున్నాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

మౌలాలి ఆగలేకపోయాడు. "అది కాదమ్మా, అసలు..." గురువుగారు అతని వైపు చూశారు. మౌలాలి దగ్గు వచ్చినట్టు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆమె రొట్టె తిని, నీళ్లు తాగి, గొణుక్కుంటూనే బుట్ట నెత్తికెత్తుకుని వాగు దారి పట్టింది. కాసేపటికి ఆమె కనుమరుగైంది.

సైదా షా తన పళ్లెం నాగుల్ మీరా ముందుకు జరిపారు.

"ఇంకో ముక్క వెయ్యి," అన్నారు.