గొడుగు ముందు, నాగలి వెనక

కోటగోడ కంటే రాజుగారి మీసమే ఎత్తుగా ఉండే ఒకానొక రాజ్యంలో, గజకేసరి మహారాజు తన విగ్రహం తానే చెక్కించుకున్నాడు. ఏనుగంత రాయి. దాన్ని కొండ దిగువ నుంచి ఈడ్చుకు రావడానికి రాజ్యంలో ఉన్న ఎడ్లన్నిటినీ పట్టించాడు.

అప్పుడే తొలకరి పడింది. పోలమ్మ అనే రైతు ఇల్లాలు నేరుగా సభకు వచ్చింది.

"దొరా, నేల పదునుమీదుంది. ఇప్పుడు దున్నకపోతే ఏడాదంతా పస్తులే. మా ఎడ్లు మాకిప్పించండి."

"ఎడ్లెందుకు? మా లాయంలో గుర్రాలున్నాయి. వాటితో దున్నుకోండి!"

విదూషకుడు సింగన్నకు నవ్వు ఆగలేదు. ఆ సభలో రాజుకంటే ముందు నవ్వడం పెద్ద తప్పు.

"నవ్వావు గనక వాటికి నేర్పే పని నీదే," అన్నాడు రాజు. "అవి దున్నితే ఎడ్లు ఎప్పటికీ మా దగ్గరే ఉంటాయి. దున్నకపోతే కాడి కింద నీ మెడ పెట్టిస్తాం."

బయటికొచ్చాక పోలమ్మ కొరకొర చూసింది. "నువ్వు గెలిస్తే మేం చస్తాం, అయ్యా."

"ఓడితే నేను చస్తాను, అక్కా. అలా చూడకు."

"నీ మెడ చూస్తున్నా. కాడికి చాలదు."

సింగన్న లాయంలోంచి రెండు తెల్ల గుర్రాలను ఏరుకున్నాడు. ఎద్దుల కాడి వాటిమీద నిలవలేదు, మూపురం ఉంటేగా! రొమ్ముకు మెత్తటి పట్టీ కట్టి నాగలి తగిలించాడు. బుజ్జగించాడు, బెల్లం పెట్టాడు, బండబూతులు తిట్టాడు. అవి ముంగాలెత్తి వయ్యారంగా నిలబడ్డాయే గాని అడుగు వేయలేదు. పుట్టినప్పటి నుంచీ ఊరేగింపు తప్ప మరో పని ఎరగవు.

సాయంత్రం రాజుగారు షికారుకు బయల్దేరారు. గోడ అవతల ఆయన తెల్లగొడుగు కనిపించిందో లేదో, గుర్రాలు రెండూ మెడలు వంచి, నాగలి ఈడ్చుకుంటూ దాని వెంటపడ్డాయి. లాయం వాకిలి పొడవునా లోతైన చాలు పడింది. సింగన్న ఆ చాలులోనే కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు.

మర్నాడు సభంతా పోలమ్మ చేనుగట్టు మీదికి చేరింది. ఆమె మొగుడు కోటప్ప నాగలి మేడి పట్టాడు.

"గుర్రాలు సిద్ధం, ప్రభూ," అన్నాడు సింగన్న. "కాకపోతే తెల్లగొడుగు వెనకే నడుస్తాయి. తమరి పెంపకం మరి!"

"అయితే గొడుగు పంపండి."

"ఉత్త గొడుగు బయల్దేరిందంటే రాజు పోయాడని అర్థం. ఊరంతా ఏడుపులు మొదలవుతాయి. దాని కింద ఇంకెవరైనా నిలబడితే తల తీయాలని తమరి శాసనం."

అందరూ చూస్తున్నారు. రాజు మీసం దువ్వుకుని గొడుగు కిందికి నడిచాడు.

"చెప్పులు, దొరా," అంది పోలమ్మ. "దున్నే చేలో చెప్పులతో తొక్కితే భూదేవికి కోపం."

ముత్యాల చెప్పులు గట్టున మిగిలాయి. రాజు కదిలాడు, గుర్రాలు కదిలాయి, నాగలి దిగింది. అందరూ జేజేలు పలికారు. చేను ఆ చివరికి చేరేసరికి నల్లరేగడి రాజుగారి పాదాలకు గంపల్లా అంటుకుంది. ఆయన ఆగితే గుర్రాలూ ఆగాయి.

"హై! కదులు, మొద్దూ!" అని కోటప్ప అలవాటుగా అదిలించాడు.

రాజు గిర్రున తిరిగాడు. "ఎవర్నిరా?"

"గుర్రాన్ని, దొరా."

ఇంకో నాలుగు చాళ్లయ్యాక మహారాజు గట్టుమీద చతికిలబడ్డాడు. "ఇంకా ఎంతుందిరా, సింగా?"

"ఈ చేనులోనే ఇంకా చాలా ఉంది, ప్రభూ. ఆపైన పక్క చేను, ఆపైన ఊరి చేలన్నీ. పొరుగూళ్ల రైతులు కూడా తమరికోసం కాచుకుని ఉన్నారు. ఇలాగే నడిస్తే దసరాకల్లా రాజ్యం పొలిమేర చేరుకుంటాం."

రాజు తన కాళ్లకేసి చూసుకున్నాడు. వెనక్కి తిరిగి, భక్తిగా తలలు వంచి నిలబడ్డ గుర్రాలకేసి చూశాడు. పకపకా నవ్వేశాడు.

"విగ్రహాన్ని అక్కడే పడుండనీయండి! ఎడ్లను ఇప్పుడే తోలించండి!" మెడలో పచ్చలహారం తీసి సింగన్న మీదికి విసిరాడు. తర్వాత పోలమ్మవైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. "ఏమ్మా, సాక్షాత్తూ మహారాజు నడిచి దున్నించిన చేను. ఎలా ఉంది?"

పోలమ్మ కొంగు నడుముకు దోపి చాళ్లను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది.

"పాము పాకినట్టుంది, దొరా. ఏం ఫర్వాలేదు, ఎడ్లు రాగానే మళ్లీ దున్నించుకుంటాం లెండి."

రాజు నవ్వి నవ్వి గట్టుమీదే వెల్లకిలా పడ్డాడు.