మూడు దేశాలు తిరిగిన కోడి

వాడపాలెంలో తెలివైనవాళ్ళ ఇల్లు ఏదని అడిగితే ఎవరైనా చూపిస్తారు. కాకపోతే నవ్వాపుకుంటూ చూపిస్తారు. ఆ నవ్వు కూడా తమ తెలివికి మర్యాదే అనుకునేవారు ఆ ఇంటివాళ్ళు. పెద్దవాడు సన్యాసయ్య, వాడి పెళ్ళాం ఎర్రయ్యమ్మ, తమ్ముడు గవరయ్య. ముగ్గురికీ చదవడం వచ్చు. చదివింది చదివినట్టు చెయ్యడం తమ ఇంటికే చెల్లిందని ముగ్గురికీ మహా గర్వం. ఐదేళ్ళ కిందట రంగులవాడు వీధి తలుపు మీద "రంగు తడిగా ఉంది, ముట్టుకోకండి" అని సుద్దముక్కతో రాసి పోయాడు. మళ్ళీ వచ్చి చెరపలేదు. అంతే, ఐదేళ్ళుగా ఇంటిల్లిపాదీ కిటికీలోంచే దిగుతున్నారు.

"ఊళ్ళో ఎంతమంది బట్టలకి రంగు అంటుకుందో! మాకు అంటిందా?" అనేవాడు సన్యాసయ్య.

వీళ్ళ మధ్య పడింది పాపం నూకాలమ్మ, ఆ అన్నదమ్ముల తల్లి. ఆవిడకి చదువు రాదు, అందుకే బుర్ర బాగుంది. కామెర్లొచ్చి నలభై రోజులు చప్పిడి పత్యం చేసింది. ఉప్పు లేదు, కారం లేదు, మూడు పూటలా మజ్జిగన్నమే. శనివారం వైద్యుడు కిటికీ ఎక్కి లోపలికొచ్చి, నాడి చూసి, "రేపు కోడికూర తిని పత్యం విడిచెయ్యమ్మా" అన్నాడు. ఆ మాటకి ముసలమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఒరే అయ్యా, ఒక్క కాలుముక్క సాలు. మరేటీ అడగను," అంది కొడుకులతో.

ఆదివారం పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ బజారుకెళ్ళారు. కొత్తగా పెట్టిన కొట్లో పెద్ద ఫ్రిజ్జు, దాని నిండా పై దేశం కోడి ప్యాకెట్లు.

"ఈ రోజుల్లో ఏ మాంసం ఎక్కడ పెరిగిందో, ఎక్కడ కోశారో ఎవరికి తెలుసు బాబూ? అందుకే దీని మీద చీటీ అంటించారు. చదివి, అందులో చెప్పినట్టు చెయ్యండి," అన్నాడు కొట్టతను.

ఆ మాట ఎవరితో అంటున్నాడో తెలిస్తే అనేవాడు కాదు.

ఇంటికొచ్చి ఎర్రయ్యమ్మ చేత చీటీ చదివించారు. "ఈ కోడి ఒక దేశంలో పెరిగినది. రెండవ దేశంలో కోయబడినది. మూడవ దేశంలో ప్యాక్ చేయబడినది. సీలు చెడితే తినరాదు. మైనస్ పద్దెనిమిది డిగ్రీల చలిలో ఉంచవలెను. చీటీ లేని మాంసం తినరాదు."

"మూడు దేశాలు తిరిగిందా!" అని ఎర్రయ్యమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "కాళ్ళెంత పీకేస్తున్నాయో, ఏటో!"

ఇంకేముంది, వేణ్ణీళ్ళు కాచి ప్యాకెట్టుకి గంటసేపు కాపడం పెట్టింది. పైగా పసుపు రాసింది.

"కాళ్ళు పీకేది నాకే. బేగి వండవే!" అని మంచం మీంచి అరిచింది నూకాలమ్మ.

గవరయ్య కత్తి తెచ్చాడు. సన్యాసయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగరా! ప్యాకెట్టు కోస్తే సీలు సెడుతుంది. సీలు సెడితే తినకూడదు."

"కొయ్యకపోతే ఎలాగన్నా తినడం?"

"కొయ్యకండా వండాలి. అందుకే అందరూ కోడికూర వండలేరు."

అంతే, ప్యాకెట్టు ప్యాకెట్టునే దాకలో పడేశారు. అల్లం, వెల్లుల్లి, గసగసాలు, కొబ్బరి నూరి పైన పోశారు. మూడు గంటలు ఉడికింది. మసాలా అంతా ప్యాకెట్టుకి పట్టింది, లోపల కోడి మాత్రం పత్యం చేసినట్టు చప్పగా ఉండిపోయింది. ఉడికి ఉడికి చీటీ ఊడొచ్చింది, ఆ తర్వాత ప్యాకెట్టు మూల పిగిలింది. ముగ్గురూ గొల్లుమన్నారు. సీలు చెడిపోయింది! సన్యాసయ్య కిటికీలోంచి ప్యాకెట్టు వీధికుక్కకి విసిరేశాడు. అది చదువుకోలేదు కాబట్టి ప్యాకెట్టు చింపి కోడంతా తినేసింది.

"కోడి పోతే పోయింది, చీటీ దక్కింది," అని గవరయ్య దాన్ని తుడిచి ఎండలో ఆరబెట్టాడు.

నూకాలమ్మ నుదురు కొట్టుకుంది. "ఒరే, పెరట్లో మన నల్లకోడి లేదా? దాన్ని కొయ్యండ్రా!"

"దానికి సీటీ లేదమ్మా," అన్నాడు సన్యాసయ్య.

"ఈ సీటీ దానికి అంటించేద్దాం," అంది ఎర్రయ్యమ్మ.

"అబద్ధం సీటీ అంటించడానికి మనం మోసగాళ్ళమేటే? ఇది మనూళ్ళో పెరిగింది. కొయ్యడం ఇంకోచోట కొయ్యాలి, ప్యాకెట్టు మరోచోట కట్టాలి. అప్పుడంటించాలి."

నిజాయితీ అంటే అదీ. అన్నదమ్ములు కోడిని సంకన పెట్టుకుని పడవెక్కి ఉప్పుటేరు దాటారు. అవతలి ఒడ్డున దిగి, కోడిని చక్కగా ఇసకలో నిలబెట్టి, "ఇదే రెండో దేశం. కొయ్యబోతున్నాం," అని దానికి చెప్పారు. గవరయ్య కత్తి కోసం చూశాడు. కత్తి మొదటి దేశంలో ఉండిపోయింది. దాని కోసం ఇద్దరూ తిరిగి పడవెక్కారు. కోడిని మాత్రం తీసుకురాలేదు. తెస్తే మళ్ళీ మొదటి దేశం కోడైపోతుందని భయం. కత్తి పట్టుకుని వెళ్ళేసరికి ఇసకలో కాలి ముద్రలు తప్ప ఏమీ లేవు.

"మూడో దేశానికి తనే ఎల్లిపోయింది," అన్నాడు గవరయ్య మెచ్చుకోలుగా.

ఉత్త చేతులతో కిటికీ ఎక్కుతున్న కొడుకుల్ని చూసి నూకాలమ్మకి దుఃఖం ముంచుకొచ్చింది. నలభై రోజులు ఈ ఒక్క పూట కోసం ఓర్చుకుంది మరి.

"కోడీ లేదు, కూరా లేదు! ఆ సీటీ తెచ్చి నా మొహానికి అంటించండ్రా!" అని ఏడ్చింది.

అమ్మ నోరు తెరిచి ఒక్క కోరిక కోరితే కాదనే కొడుకులా? ఎర్రయ్యమ్మ అన్నం మెతుకులు నలిపింది, గవరయ్య చీటీ నుదుటికి అంటించాడు. అంటించి ఊరుకున్నారా! చదివారు.

"మైనస్ పద్దెనిమిది డిగ్రీలట! అమ్మ ఇక్కడ ఎండలో పాడైపోద్దిరా!" అన్నాడు సన్యాసయ్య.

ఇంకేముంది, ముసలమ్మని మంచంతో సహా కిటికీలోంచి దింపబోయారు. మంచం పట్టలేదు, ముసలమ్మ పట్టింది. చేపలు మోసే రిక్షాలో కూర్చోబెట్టి, రేవు పక్కనున్న ఐసు ఫ్యాక్టరీకి తోసుకుపోయారు. ఆవిడ దారి పొడుగునా తిట్టింది. వీళ్ళు దారి పొడుగునా గొడుగు పట్టారు.

అప్పుడు ఫ్యాక్టరీ గుమ్మంలో వాచ్‌మన్ ఎల్లాజీ భోజనానికి కూర్చున్నాడు. క్యారేజీ మూత తీసేసరికి గుప్పుమంది. కోడికూర! నూకాలమ్మ తిట్టు సగంలో ఆపేసింది.

"ఎల్లాజీ బాబూ, నలభై రోజులైంది నాయనా..." అని ఆవిడ చెయ్యి చాపింది.

ఎల్లాజీ మంచివాడు. మారుమాట లేకుండా మూతలో అన్నం, కూర, పైన పెద్ద కాలుముక్క పెట్టి చేతికిచ్చాడు. ముసలమ్మ ముక్క నోటి దాకా తెచ్చింది. సన్యాసయ్య టక్కున చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా, తినకు! దీని సీటీ ఏదీ?"

నూకాలమ్మ కొడుకు వైపు చూసింది. ముక్క వైపు చూసింది. ఎడమచేత్తో తన నుదుటి మీది చీటీ పీకి, వాడి నుదుటి మీద ఫట్‌మని కొట్టింది.

"ఇదిగోరా సీటీ!"

గవరయ్య, ఎర్రయ్యమ్మ సన్యాసయ్య నుదురు చదివారు. ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. అంతే, చెరో రెక్కా పట్టుకుని సన్యాసయ్యని ఐసు గదిలోకి తోసి తలుపేశారు. వాడు కూడా ఎదురు తిరగలేదు. చీటీలో ఉందిగా మరి.

నూకాలమ్మ అన్నం ముద్దలు కలుపుకుని కమ్మగా తింది. కాలుముక్క ఎముక దాకా చీకింది. వేళ్ళు నాకింది. నలభై రోజుల చప్పిడి ఒక్క పూటలో తీరింది. అప్పుడు లోపల్నుంచి పళ్ళు టకటకలాడే చప్పుడు వినిపించింది. ఎంతైనా కన్నకడుపు. చెయ్యి కొంగుకి తుడుచుకుని లేచి తలుపు దగ్గరకెళ్ళింది.

"త-త-తలుపు తియ్యకమ్మా! సీ-సీ-సీలు సెడిపోద్ది!" అని అరిచాడు సన్యాసయ్య.

నూకాలమ్మ తలుపు లాగి, కొడుకుని జుట్టు పట్టుకుని ఎండలోకి ఈడ్చింది. వాడు కూలబడి వలవల ఏడ్చాడు. "సీలు సెడిపోయిందిరా తమ్ముడూ, నేనింక పనికిరాను!"

"ఊరుకోరా, పిచ్చి సన్నాసీ," అని ముసలమ్మ వాడి చేతులు రుద్దుతూ చుట్టూ చూసింది. "ఏడీ గవరయ్య? ఎక్కడికెళ్ళాడే వాడు?"

ఎర్రయ్యమ్మ కళ్ళొత్తుకుంటూ వీధి వైపు చూపించింది. అక్కడ గవరయ్య, అన్న పోతున్నాడన్న బాధ దిగమింగుకుని, పొద్దున కోడిని తిని, రిక్షా వెంటే వచ్చిన కుక్కని "చూ, చూ" అని పిలుస్తున్నాడు.