ఏనుగు లాగినా కదలని వల

ఆ రోజుల్లో గవ్వలదీవి చుట్టూ నీళ్లకన్నా చేపలే ఎక్కువ. సముద్రంలో కాలు పెడితే తడిసేది కాదు!

అక్కడికి కొత్తగా వచ్చిన అధికారి వీరభూపతి, వలలల్లే మసేనమ్మను పిలిపించాడు.

"ఏమే, మీ వలల్లోంచి పిల్లచేపలన్నీ జారిపోతున్నాయి! ఒక్కటీ తప్పించుకోని వల అల్లు. లేదా దీవి వదిలిపో."

పిల్లచేపలు పోతే మరుసటేడు దీవికి తిండి ఉండదని మసేనమ్మకు తెలుసు. అయినా "చిత్తం బాబయ్యా" అంది.

నెల తిరక్కుండా చీమ కూడా దూరలేని వల తెచ్చింది. సముద్రంలో దింపి రెండువందలమంది లాగారు. అధికారిగారి ఏనుగూ లాగింది. వల కదల్లేదు సరికదా, ఏనుగే మోకాళ్లదాకా నీళ్లలోకి జారింది.

"మోసం!" అని అరిచాడు వీరభూపతి.

"మోసమేముంది బాబయ్యా? అప్పుడే పుట్టిన చేపపిల్ల ఆవగింజంత. అది దూరని వలలోంచి నీళ్లెలా పోతాయి? తమరు సముద్రాన్నే లాగిస్తున్నారు!"

జనం నవ్వలేక ఇసుకలో దొర్లారు. ఆయన గొంతు తగ్గించాడు. "అయితే వల కన్ను ఎంతుండాలి?"

"మావాళ్లు రెండు వేళ్లు దూర్చి కొలుస్తారు. ఇకమీదట తమరి వేళ్లే కొలత."

పొంగిపోయి ఉంగరాలతో సహా వేళ్లు చాచాడు. అరటిపళ్లే! ఆ కొలత వలల్లోంచి పిల్లలేం ఖర్మ, వాటి అక్కలు కూడా దర్జాగా వెళ్లిపోయేవి. ముసలి చేప ఒక్కటి చిక్కితే ఊరంతటికీ రెండు పూటలు వచ్చేది. ఏం రోజులవి!