మంచూ భాషకు నాలుగుకాళ్ల పరీక్షాధికారి

ఒకనాడు చీనా చక్రవర్తిగారు కొలువులో ఉన్నట్టుండి ఉరిమారు.

"మన మంచూ భాష మీలో ఎవరికైనా వచ్చునా?"

ఆ ఉరుముకు కోట పెంకులు రాలాయి, మూడూళ్ల అవతల గుర్రాలు తాళ్లు తెంపుకున్నాయి. నిలబడి నిలబడి కాళ్లు పీకుతున్న ఉద్యోగులు మాత్రం ఒకరి వెనక ఒకరు నక్కారు.

ఉరమరూ మరి! ఆ భాషలో కేకలేస్తూనే ఆయన తాతలు ఉత్తరాది నుంచి దూకి చీనా అంతా గెలిచారు. చీనావాళ్లకు అంతుపట్టకుండా యుద్ధరహస్యాలు రాసుకున్నదీ అందులోనే. తీరా సింహాసనం మెత్తగా తగిలాక, మనవల నోట చీనా మాటలే మిగిలాయి.

"యువరాజుకు మంచూ నేర్పే గురువు కావాలి. బొంకినవాడు ఎడారికి పోయి ఒంటెలు కాసుకోవాలి."

ఆ పదవి కోసమే దుబాసీ నసంతై ఏళ్ల తరబడి కాచుక్కూర్చున్నాడు. అతను నోరు తెరిచేలోపే మంత్రి యర్హూదా టోపీ మీది నెమలి ఈక సర్దుకుని ముందుకొచ్చి, రాగం తీస్తూ ఓ పద్యం చదివాడు. మంచూ పరీక్షకులమని చెప్పుకునే పండితులు ఆహా అన్నారు. సంగతి ముందే పసిగట్టిన ఆయనింట క్రితం రాత్రే విందు తిన్నవాళ్లాయె.

మంచూలోనే పుట్టి పెరిగిన నసంతైకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఫక్కున నవ్వాడు.

"ఏమిటా నవ్వు?" అన్నారు చక్రవర్తి.

"అది మంచూ కాదు, ప్రభూ."

"నిరూపించు. లేదా ఒంటెలు నీవే."

"నేను పదవి కోరేవాణ్ణి, నా మాట చెల్లదు. వీళ్లు మంత్రిగారి విందు తిన్నారు, వీళ్లదీ చెల్లదు. మంచూ తప్ప మరో మాట ఎరగనిది, మంత్రిగారింట ఎముకైనా కొరకనిది ఒక్కటే ఉంది. ఉత్తరాది నుంచి మొన్న వచ్చిన తమ వేటకుక్క."

కుక్క వచ్చింది. ఏనుగు గున్నంత ఉంది, ఒక్క వెంట్రుక తగ్గదు.

"మంత్రిగారూ, దాన్ని దగ్గరికి పిలవండి, చాలు."

మంత్రి మళ్లీ రాగం తీశాడు. కుక్క ఆవలించి, అటు తిరిగి గోక్కుంది.

"కుక్కకేం తెలుసయ్యా పండితుల మంచూ!"

"పోనీ, మీ పండితుల్లో ఒకర్ని అర్థం చెప్పమనండి."

పరీక్షకులందరూ పైకప్పు చూశారు.

నసంతై మెల్లగా "జియో" అన్నాడు, రమ్మని. కుక్క ఒక్క గెంతులో వచ్చి అతని మొహమంతా నాకేసింది.

చక్రవర్తిగారికి ఉబలాటం పుట్టింది. "ఆగు, నేనూ చెప్తా" అని, దర్జాగా "తె" అన్నారు, కూర్చోమని.

కుక్క నిలబడే ఉంది.

మళ్లీ అన్నారు. అలాగే ఉంది.

మంత్రి మీసం మెలేశాడు. "చెప్పవయ్యా దుబాసీ. కుక్కది తప్పా, ప్రభువులది తప్పా?"

నసంతైకి కళ్లముందు ఒంటెలు కదిలాయి. అయినా తొణకలేదు.

"ఎవరిదీ కాదండీ. చక్రవర్తి ఎదుట ఎవరూ కూర్చోకూడదన్న మర్యాద దానికీ తెలుసు."

సభ పగలబడి నవ్వింది. ఆ నవ్వులోనే మంత్రిగారు ఎడారి దారి పట్టారు.

చక్రవర్తి తన ముత్యాలహారం తీసి నసంతై మెడలో వేస్తూ, చెవి దగ్గరకు వంగారు.

"యువరాజు పక్కన నాకూ ఓ పీట వెయ్యి. కుక్కకు మాత్రం చెప్పకు."