మూడు తగాదాల తాడు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఒకనాడు రాజుగారి మేనకోడలు మందారవల్లిని ధూమకేశుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల దీవిలో దాచాడు. "పున్నమిలోగా నన్ను పెళ్లాడావా సరి, లేదంటే రాతిబొమ్మవైపోతావు" అన్నాడు.

పెద్దకొడుకు ఓడెక్కాడు. మొదటి సముద్రంలోనే ఓడవాళ్లిద్దరు తగువు పడ్డారు. ఆయన ఓడమీదే కొలువు తీర్చి, ఒకడిది ఒప్పు, ఒకడిది తప్పు అన్నాడు. తప్పన్నవాడు అలిగి దగ్గరి రేవులో దిగిపోయాడు. వాడి వెనకే వాడి చుట్టాలూ దిగిపోయారు. రెండోకొడుకు వెళ్లాడు. తగువు పడ్డ ఇద్దరికీ కొరడా దెబ్బలు కొట్టించాడు. ఈసారి ఇద్దరి చుట్టాలూ దిగిపోయారు. తెడ్డు వేసేవాడు లేని ఓడ ఎక్కడికి పోతుంది? అన్నలిద్దరూ ఎంత జోరుగా వెళ్లారో అంతే జోరుగా తిరిగొచ్చారు.

ఇక మిగిలింది చిన్నవాడు విజయదత్తుడు. అతనికి మందారవల్లి అంటే ప్రాణం. పున్నమికి పన్నెండు రోజులే ఉన్నాయి. దిగిపోయిన వాళ్లందరినీ బతిమాలి మళ్లీ ఓడెక్కించాడు. చుక్కాని పట్టేది నూకరాజు. తెడ్లవాళ్ల పెద్ద గవరయ్య. తెరచాప కొయ్యమీద కాపురముండేవి మాటలొచ్చిన కోతి ఒకటి, మాటలొచ్చిన కొంగ ఒకటి.

మొదటి సముద్రం దాటారో లేదో, తగువు రానే వచ్చింది.

"ఈ గవరయ్య తెడ్డు వేస్తుంటే చేపలకు జోలపాడినట్టుంది బాబూ" అన్నాడు నూకరాజు.

"ఈయన చుక్కాని పట్టుకుని కునుకు తీస్తాడు బాబూ. తప్పెవరిదో తీర్పు చెప్పండి" అన్నాడు గవరయ్య.

"తప్పకుండా చెబుతాను. ముందు నాకు ఏడు బారల తాడు కావాలి" అని, విజయదత్తుడు కొబ్బరిపీచు మూట వాళ్లముందు పడేశాడు.

తాడు పేనడం మీకు తెలుసా పిల్లలూ? చెరో కొసా పట్టుకుని, ఎదురెదురుగా నిలబడి, ఎవరి వైపు వాళ్లు మెలిపెట్టాలి. ఒకడు వదిలేస్తే ఇద్దరి పనీ విప్పుకుపోతుంది. 'లాగు', 'ఆగు' అని అనుకోకుండా కుదరదు. మూడు బారలు అలా పొడిమాటలతోనే నడిచింది. అయిదో బార దగ్గర గవరయ్య మెల్లగా అన్నాడు: "మావాళ్లకు చేతులు బొబ్బలెక్కాయన్నా."

"ముందే చెబితే గాలివాటున పోనిచ్చేవాణ్ణి కదరా" అన్నాడు నూకరాజు.

ఏడు బారలూ అయ్యాక విజయదత్తుడు "మరి తీర్పు?" అన్నాడు.

"ఏం తీర్పు బాబూ?" అన్నారిద్దరూ.

నాలుగో సముద్రంలో కోతీ కొంగా కొయ్య చివరి చోటు కోసం జుట్టూ జుట్టూ పట్టుకున్నాయి. మళ్లీ పీచు, మళ్లీ ఏడు బారల తాడు. తాడు అయ్యేసరికి పగలు కొంగదీ, రాత్రి కోతిదీ అని అవే తేల్చుకున్నాయి.

ఏడో సముద్రం. దీవి కనబడుతోంది. మర్నాడే పున్నమి.

"ఆటు తీస్తోంది బాబూ, నీళ్లు తగ్గిపోతాయి. ఒక్క పూట ఆగుదాం" అన్నాడు నూకరాజు.

"పిరికివాడివి చుక్కాని ఎందుకు పట్టావు? పోనీ!" అని విజయదత్తుడు అందరిముందూ అరిచాడు.

నూకరాజు ఓడను పోనిచ్చాడు. ఓడ ఇసుకమేటలో కూరుకుపోయింది. అతను చుక్కాని వదిలేసి అటు తిరిగి కూర్చున్నాడు. ఓడలో ఒక్కరూ రాజకుమారుడి మొహం చూడలేదు. అతను, అన్నల ఓడలాగే తన ఓడా వెనక్కి పోతుందేమో, మందారవల్లి రాయైపోతుందేమో అని భయపడ్డాడు.

అప్పుడు కోతి పీచు మూట ఈడ్చుకొచ్చి అతని కాళ్లముందు పెట్టింది. "తీర్పు తర్వాత ప్రభూ. ముందు తాడు."

విజయదత్తుడు తలవంచుకుని ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస నూకరాజు ముందు పెట్టి నిలబడ్డాడు. చాలాసేపటికి నూకరాజు అందుకున్నాడు. మూడో బారకు రాజకుమారుడి అరచేతులు చిట్లాయి.

"తప్పు నాదే నూకరాజన్నా. తొందర నాది, మాట పడింది నువ్వు."

"మాటన్నందుకు కాదు బాబూ. అందరి ముందూ అన్నారు."

విజయదత్తుడు అందరివైపూ తిరిగి, అదే తప్పు గట్టిగా ఒప్పుకున్నాడు. ఏడో బార ముగిసేసరికి పోటు వచ్చింది, ఓడ దానంతటదే లేచింది.

కొంగ ఎగిరివెళ్లి మందారవల్లిని కలిసొచ్చింది. మాంత్రికుణ్ణి పొగిడి పొగిడి ఆ పిల్ల గుట్టు లాగింది. వాడి ప్రాణం చిలకలో ఉంది. చిలక పంజరం ఇరవై బారల పాడుబావి అడుగున వేలాడుతోంది. అంత పొడుగు తాడు ఎవరి దగ్గరా ఉండదని వాడి ధీమా.

అందరూ దీవిలో దిగి, బావి దగ్గర మూడు తాళ్లూ ముడివేశారు. కోతి బావిలోకి దిగింది. తాడు పట్టుకున్నవాళ్ల దగ్గరికి ధూమకేశుడు పరుగెత్తుకొచ్చాడు. మనుషుల్ని విడదీయడమే వాడి అసలు మంత్రం.

"పిల్ల రాజకుమారుడికి. మీకేమిట్రా? ఆ నూకరాజును పిరికివాడన్నాడు కూడానూ" అన్నాడు.

"ఆ గొడవ మేం పేనేశాం తాతా. కాస్త పక్కకు జరుగు, తాడు లాగాలి" అన్నాడు నూకరాజు.

పంజరం పైకొచ్చింది. విజయదత్తుడు చిలక మెడ విరిచేసరికి మాంత్రికుడు పొగైపోయాడు.

విజయదత్తుడికీ మందారవల్లికీ పెళ్లయింది, పట్టాభిషేకమూ అయింది. వాళ్లు ఏలినన్నాళ్లూ కొలువు గుమ్మం దగ్గర ఒక పీచు మూట ఉండేది. పెళ్లైన మూడోనాడు ఆ మూట కనబడక భటులు ఊరంతా వెతికారు. చివరికి అది అంతఃపురంలో దొరికింది. రాణి ఒక కొసా, రాజు ఒక కొసా పట్టుకుని ఉన్నారు. అప్పటికి నాలుగో బార నడుస్తోంది.