షీటు కింది నీళ్ళు

"అమ్మగారూ, కోపాన్ని ఏం చేసుకోవాలి?" అని సుగుణావతి అడిగింది. అడిగిన తీరులోనే కోపం ఉంది. నాగావళి ఒడ్డునున్న ఆ ఆశ్రమంలో విమలమ్మగారి దగ్గర ఆమె శిష్యరికానికి ఇది ఆరో ఏడు. అంతకుముందు ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసింది. డెబ్బై ఏళ్ళ మనిషికి తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

విరిగింది వంటమనిషి నూకాలమ్మకు. ఆడవాళ్ళ స్నానాలగదిలో కొన్ని టైల్స్ కింద పట్టు వదిలేసి, కాలు పెడితే కదిలేవి. ఆ సంగతి సుగుణావతి కార్యదర్శి పట్టాభిరామయ్యకు మూడుసార్లు చెప్పింది. ఉత్సవానికి పెద్దలు వస్తున్నారని ఆయన హడావుడిగా వాటి మీదే జిగురు పూయించి చెక్కరంగు వినైల్ ప్లాస్టిక్ షీటు వేయించాడు. "కదిలేవి తీసి, కింద గట్టిచేసి వెయ్యాలండీ. లేకపోతే ఇది నిలవదు" అని మేస్త్రీ మొత్తుకున్నాడు. "పైకి బాగుంటే చాలు, నువ్వు వెయ్యవయ్యా" అన్నాడాయన. నెల తిరక్కుండా కిందికి నీళ్ళు దిగి షీటు ఉబ్బింది, అంచు లేచింది. ఆ అంచు కాలికి తగిలే నూకాలమ్మ పడింది.

ఆ పొద్దున సుగుణావతి అందరి ముందూ నిలదీస్తే పట్టాభిరామయ్య చిరునవ్వు నవ్వాడు. "ఆశ్రమంలో ఉండి ఇంత కోపమా తల్లీ? జరిగిందేదో జరిగింది. శాంతించు" అన్నాడు. ఆ 'శాంతించు'కు ఆమెకు ఒళ్ళు మండిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా ఆయన మాటకే తలలూపారు. తప్పు చేసిన మనిషి చల్లగా ఉన్నాడు. అడిగినందుకు తనే దోషిలా నిలబడింది.

విమలమ్మగారు లేచారు. వంటింట్లోంచి కూరగాయల కత్తి తీసుకుని స్నానాలగది దాకా నడిచారు. గుమ్మంలో ఆగి, కత్తి సుగుణావతి చేతికిచ్చి, ఉబ్బిన షీటు చూపించి, "కొయ్యి" అన్నారు.

సుగుణావతి మోకాళ్ళ మీద కూర్చుంది. మొదటి గాటు వంకరపోయింది. రెండోదానికి చెయ్యి కుదిరింది. అంచు పట్టి లాగితే జిగురు చిరచిరమంటూ ఊడింది. కింద నల్లటి నీళ్ళు. కుళ్ళు వాసన గుప్పుమంది. కదిలే టైల్స్ ఉత్త చేత్తోనే ఊడివచ్చాయి. ఆమె ఏడుస్తోంది, తిడుతోంది, లాగుతోంది. విమలమ్మగారు ఊరుకోమనలేదు, ఓదార్చలేదు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఊడిన ముక్కలు బయటికి చేరవేస్తూ పోయారు.

చప్పుడుకు జనం పోగయ్యారు. పట్టాభిరామయ్య వచ్చి, ఆ నీళ్ళు చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. అంతలోనే తేరుకుని, "అమ్మగారూ, ఈవిడ ఆవేశంలో ఉంది. మీరు చెబితే వింటుంది. కాస్త చల్లారమనండి" అన్నాడు.

విమలమ్మగారు చేతులకంటిన బురద కేసి చూసుకున్నారు.

"మగవాళ్ళ స్నానాలగదిలోనూ ఇదే షీటు వేయించారుగా" అన్నారు. "అది కూడా ఊడదియ్యడం కానివ్వండి, అప్పుడు చెబుతాను."